ఒకే ఓట్లు, ముగ్గురు విజేతలు: ఎన్నికల లెక్కలో న్యాయం ఎంత?

రుషికొండ, విశాఖపట్నం: 2019 లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచిన వైఎస్సార్‌సీపీ అభ్యర్థి ఎం.వి.వి. సత్యనారాయణకు వచ్చిన ఓట్లు 4,36,906. రెండో స్థానంలో నిలిచిన టీడీపీ అభ్యర్థి ఎం. శ్రీభరత్‌కు 4,32,492. తేడా 4,414 మాత్రమే. మూడో స్థానంలో జనసేన తరఫున వి.వి. లక్ష్మీనారాయణకు 2,88,874 ఓట్లు పడ్డాయి. గెలిచిన అభ్యర్థి వాటా సుమారు 35 శాతం. అంటే నూటికి 65 మంది ఆయనకు ఓటు వేయలేదు. అయినా ఎంపీ ఆయనే. ఇందులో ఎవరి మోసమూ లేదు, ఈవీఎం గొడవా లేదు. మన చట్టం ప్రకారం అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా చాలు, సగం దాటాల్సిన పనిలేదు.

ఐదేళ్ల తర్వాత అదే స్థానంలో టీడీపీ, జనసేన, బీజేపీ కలిసి పోటీ చేశాయి. 2024లో శ్రీభరత్‌కు 9,07,467 ఓట్లు, వైఎస్సార్‌సీపీ అభ్యర్థి బొత్స ఝాన్సీకి 4,03,220 ఓట్లు వచ్చాయి. మెజారిటీ 5,04,247. నాలుగు వేల ఓట్ల తేడాతో ఓడిన మనిషి ఐదు లక్షల తేడాతో గెలిచారు. జనం మనసు మారిన మాట నిజమే. కానీ ఎంతమంది మనసు మార్చుకున్నారు, పోటీ ఎంతమంది మధ్య జరిగింది అనేవి రెండు వేరు వేరు ప్రశ్నలు. ఈ రెండోదాన్ని లెక్కగట్టే శాస్త్రం ఒకటుంది. ఓట్లను ఎలా లెక్కిస్తే ఎవరు గెలుస్తారు, అందులో న్యాయం ఎంత అని అది చెబుతుంది. మసీదు కమిటీ నుంచి పార్లమెంటు దాకా అన్నిచోట్లా పనికొచ్చే లెక్క కాబట్టి వివరంగా చూద్దాం.

ఇద్దరైతే గొడవ లేదు, మూడోవాడు వస్తేనే చిక్కు

పోటీలో ఇద్దరే ఉంటే లెక్క తేలిక. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు. ఓటర్లందరినీ సమానంగా, అభ్యర్థులిద్దరినీ సమానంగా చూస్తూ, మద్దతు పెరిగితే గెలుపు వైపే తీసుకెళ్లే పద్ధతి సాధారణ మెజారిటీ ఒక్కటేనని కెన్నెత్ మే అనే గణిత శాస్త్రవేత్త 1952లో రుజువు చేశారు. మూడో అభ్యర్థి వచ్చాకే అసలు కథ మొదలవుతుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక అసోసియేషన్‌లో 100 మంది సభ్యులు. అధ్యక్ష పదవికి ఒక వ్యాపారి, ఒక టీచర్, ఒక ఇంజనీర్ పోటీ పడుతున్నారు. సభ్యులు ముగ్గురినీ ఇష్టం ప్రకారం ఇలా వరుస పెట్టారు అనుకోండి:

- 40 మంది: ముందు వ్యాపారి, తర్వాత ఇంజనీర్, చివర టీచర్
- 35 మంది: ముందు టీచర్, తర్వాత ఇంజనీర్, చివర వ్యాపారి
- 25 మంది: ముందు ఇంజనీర్, తర్వాత టీచర్, చివర వ్యాపారి

మొదటి పద్ధతి, మనం ఎమ్మెల్యే ఎన్నికల్లో వాడేది. మొదటి ఇష్టం ఒక్కటే లెక్కేస్తాం. 40 ఓట్లతో వ్యాపారి గెలుస్తారు. 60 మందికి ఆయన చివరి ఇష్టం అన్న సంగతి ఎక్కడా కనపడదు.

రెండో పద్ధతిలో, ఎవరికీ సగం రాకపోతే అందరికంటే తక్కువ వచ్చినవారిని తీసేసి వాళ్ల ఓట్లను తర్వాతి ఇష్టానికి మారుస్తాం. ఇంజనీర్ పోతారు. ఆ 25 మంది రెండో ఇష్టం టీచర్. కాబట్టి 60కి 40 తేడాతో టీచర్ గెలుస్తారు.

మూడో పద్ధతిలో, ఇద్దరిద్దరిని పక్కపక్కన పెట్టి పోలుస్తాం. ఇంజనీర్, వ్యాపారి మధ్య అయితే 60 మంది ఇంజనీర్ వైపు. ఇంజనీర్, టీచర్ మధ్య అయితే 65 మంది ఇంజనీర్ వైపు. ఎవరితో పోల్చినా ఇంజనీరే గెలుస్తారు. పాయింట్ల పద్ధతిలో, అంటే మొదటి ఇష్టానికి 2, రెండోదానికి 1, మూడోదానికి 0 ఇస్తే, ఇంజనీర్‌కు 125, టీచర్‌కు 95, వ్యాపారికి 80 వస్తాయి. ఇక్కడా ఇంజనీరే.

అవే 100 ఓట్లు, అదే జనం. ఒక్క ఓటు కూడా మారలేదు. లెక్కించే పద్ధతి మారేసరికి విజేత మారిపోయాడు. అందుకే ఎన్నిక నోటీసులో ఎవరు పోటీ చేస్తున్నారు అన్నది ఎంత ముఖ్యమో, ఎలా లెక్కిస్తారు అన్నదీ అంతే ముఖ్యం.

పాయింట్ల పద్ధతిని ఫ్రాన్స్‌కు చెందిన బోర్డా 1770లో అక్కడి సైన్స్ అకాడమీ ముందు పెట్టారు. ఇద్దరిద్దరిని పోల్చే పద్ధతిని ఆయన సమకాలికుడు కాండర్సే 1785లో రాసిన గ్రంథంలో వివరించారు. ఏది సరైనదన్న వాదన అప్పటినుంచి ఇప్పటిదాకా సాగుతూనే ఉంది.

గాజువాక, విశాఖ: మనకు తెలియని రెండో ఇష్టం

2019లోనే గాజువాక అసెంబ్లీ స్థానంలో ముక్కోణపు పోటీ జరిగింది. వైఎస్సార్‌సీపీ అభ్యర్థి తిప్పల నాగిరెడ్డికి 75,292 ఓట్లు, జనసేన అధినేత పవన్ కల్యాణ్‌కు 58,539 ఓట్లు, టీడీపీ అభ్యర్థి పల్లా శ్రీనివాసరావుకు 56,642 ఓట్లు వచ్చాయి. రెండో, మూడో స్థానాల మధ్య తేడా రెండు వేల లోపే. ఆ ఇద్దరి ఓట్లు కలిపితే 1,15,181. 2024లో కూటమి తరఫున అదే పల్లా శ్రీనివాసరావు 95,235 మెజారిటీతో, రాష్ట్రంలోనే అత్యధిక తేడాతో గెలిచారు.

"ఓట్లు చీలాయి" అని మనం టీ కొట్టు దగ్గర అనుకునే మాట ఇదే. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జనసేనకు వేసిన వాళ్లందరి రెండో ఇష్టం టీడీపీయే అని ఎవరూ చెప్పలేరు. కొందరిది వైఎస్సార్‌సీపీ కావచ్చు, కొందరు అసలు పోలింగ్‌కే రాకపోవచ్చు. ఇద్దరిద్దరిని పోల్చి చూస్తే విశాఖలోనో గాజువాకలోనో ఎవరు గెలిచేవారో తేల్చే సమాచారం మన ఈవీఎంలో లేదు. అది మనల్ని ఒక్క బటనే నొక్కమంటుంది. రెండో ఇష్టం అడగదు. అడగని ప్రశ్నకు జవాబు రికార్డులో ఉండదు కదా.

దీనివల్ల ఓటరు మీద ఒక ఒత్తిడి పడుతుంది. నచ్చినవాడికి వేయాలా, గెలవగలిగేవాడికి వేయాలా? "ఓటు వేస్ట్ చేసుకోకు" అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేది అందుకే. ఈ పద్ధతి ఉన్నచోట కాలక్రమంలో పోటీ రెండు పెద్ద పక్షాల మధ్యకు చేరుతుందని ఫ్రెంచ్ రాజకీయ శాస్త్రవేత్త మారిస్ డువెర్జే 1950లలో చెప్పారు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజారాజ్యం సుమారు 16 శాతం ఓట్లు తెచ్చుకుని 294 సీట్లలో 18 గెలిచింది. 16 శాతానికి 47 సీట్లు రావాలి. ఆ పార్టీ తర్వాత కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2019లో జనసేన 5.53 శాతం ఓట్లతో ఒక్క సీటు గెలిచి, 2024లో పొత్తులోకి వెళ్లి 6.85 శాతంతో 21 సీట్లు గెలిచింది. ఓట్లు పెరిగింది ఒకటిన్నర శాతం లోపు, సీట్లు పెరిగింది 20. దీంట్లో ఎక్కువ భాగం పొత్తు లెక్కే.

39 శాతం ఓట్లకు 23 సీట్లు, 11 సీట్లు

కామర్స్‌లో బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా సరిపోవాలి. ఎన్నికల్లో ఓట్ల వైపు, సీట్ల వైపు సరిపోవాలన్న రూల్ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లకు గత మూడు ఎన్నికల లెక్క చూడండి:

- 2014: టీడీపీకి సుమారు 44.9 శాతం ఓట్లు, 102 సీట్లు. వైఎస్సార్‌సీపీకి సుమారు 44.6 శాతం ఓట్లు, 67 సీట్లు. టీడీపీ కొన్ని సీట్లు మిత్రపక్షం బీజేపీకి వదిలింది, వాళ్లకు 4 వచ్చాయి.
- 2019: వైఎస్సార్‌సీపీకి 49.95 శాతం ఓట్లు, 151 సీట్లు. టీడీపీకి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు.
- 2024: టీడీపీ, జనసేన, బీజేపీలకు కలిపి 55.28 శాతం ఓట్లు, 164 సీట్లు. వైఎస్సార్‌సీపీకి 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు.

2019లో ఓడిన టీడీపీకి, 2024లో ఓడిన వైఎస్సార్‌సీపీకి వచ్చిన ఓట్ల శాతం దాదాపు సమానం. ఓట్ల ప్రకారం పంచితే రెండింటికీ 69 దగ్గర సీట్లు రావాలి. ఒకరికి 23, ఇంకొకరికి 11 వచ్చాయి. ఈ దెబ్బ ఒక పార్టీకే తగులుతుందని కాదు. ఎవరు ఓడితే వాళ్లకు తగులుతుంది. ఎవరు గెలిస్తే వాళ్లు "ప్రజా తీర్పు" అంటారు, ఎవరు ఓడితే వాళ్లు "మాకు నలభై శాతం వచ్చింది" అంటారు. రెండు మాటలూ నిజమే.

ఇలా ఎందుకు జరుగుతుంది? మద్దతు రాష్ట్రమంతా ఒకే రకంగా పరుచుకుని ఉంటే, చిన్న ఆధిక్యం కూడా ప్రతి నియోజకవర్గంలో గెలుపుగా మారుతుంది. ప్రతి ఊళ్లో 55కి 40 అయితే, ప్రతి ఊళ్లో 40 వాళ్లు ఓడినట్టే. కెండాల్, స్టూవర్ట్ అనే ఇద్దరు 1950లో బ్రిటన్ ఎన్నికలు పరిశీలించి ఒక సూత్రం చెప్పారు. రెండు పక్షాల ఓట్ల నిష్పత్తిని ఘనం చేస్తే సీట్ల నిష్పత్తి వస్తుందని. 2024లో మన నిష్పత్తి 55.28కి 39.37, అంటే 1.4. దాని ఘనం సుమారు 2.77. ఆ లెక్కన కూటమికి 129, వైఎస్సార్‌సీపీకి 46 రావాలి. నిజంగా వచ్చింది 164, 11. బ్రిటన్ సూత్రం అంచనా వేసినదానికంటే మన దగ్గర ఆధిక్యం ఇంకా ఎక్కువగా పెరిగిపోతోందన్నమాట.

చెల్లాచెదురైతే సున్నా, ఒకచోట ఉంటే సీటు

మన కుటుంబాలకు బాగా తగిలే లెక్క ఇది. ఈ పద్ధతిలో ఎంతమంది ఉన్నారు అన్నదానికంటే ఎక్కడ ఉన్నారు అన్నది ముఖ్యం. తెలంగాణలో మజ్లిస్ పార్టీ 2023లో 9 స్థానాల్లోనే పోటీ చేసింది. రాష్ట్రం మొత్తం మీద వచ్చిన ఓట్లు 2.22 శాతం. గెలిచిన సీట్లు 119లో 7, అంటే దాదాపు 6 శాతం. పాతబస్తీలో మద్దతు ఒకేచోట గుమిగూడి ఉండటమే కారణం. ప్రజారాజ్యానికి 16 శాతం ఓట్లకు వచ్చిన సీట్ల వాటా కూడా ఇంచుమించు అంతే, 6 శాతం.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ వైపు చూడండి. 2011 జనగణన ప్రకారం ఇక్కడ ముస్లింలు సుమారు 7 శాతం. 175లో 7 శాతం అంటే 12 సీట్లు. 2014లో గెలిచిన ముస్లిం ఎమ్మెల్యేలు నలుగురు, 2019లో నలుగురు, 2024లో ముగ్గురు. 2024లో గెలిచిన నంద్యాల, గుంటూరు తూర్పు, మదనపల్లె, అంతకుముందు గెలిచిన కడప, కర్నూలు, కదిరి, విజయవాడ పశ్చిమ, ఇవన్నీ ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న పట్టణాలు. ఈ మూడు ఎన్నికల్లో ఉత్తరాంధ్ర నుంచి ఒక్కరూ లేరు. ఇక్కడ మనవాళ్లు పాతనగరం కోటవీధి, దర్గా కొండ చుట్టుపక్కల నుంచి గాజువాక, స్టీల్‌ప్లాంట్ క్వార్టర్ల దాకా విడివిడిగా ఉన్నారు.

ముస్లింలకు ముస్లిం ఎమ్మెల్యేయే కావాలని కాదు ఈ లెక్క అర్థం. రోడ్డు, నీళ్లు, స్కూలు ఎవరు తెచ్చినా మంచిదే. కానీ ఏ చిన్న సమూహమైనా, అది మత్స్యకారులు కావచ్చు, వలస కార్మికులు కావచ్చు, చెల్లాచెదురుగా ఉంటే ఈ పద్ధతిలో వాళ్ల గొంతు చట్టసభ దాకా చేరడం కష్టం. నియోజకవర్గాల సరిహద్దులు ఎక్కడ గీస్తారు, ఏది రిజర్వ్ చేస్తారు అన్నదీ ముఖ్యమే. ముస్లింలు ఎక్కువగా ఉన్న కొన్ని నియోజకవర్గాలు ఎస్సీ రిజర్వుడుగా ఉన్న విషయాన్ని 2006లో సచార్ కమిటీ నివేదిక ప్రస్తావించి, పునర్విభజనలో దీన్ని చూడాలని సూచించింది.

ఈ చర్చ కొత్తది కాదు. 1909 చట్టంతో వచ్చిన ప్రత్యేక నియోజకవర్గాలను రాజ్యాంగం తీసేసింది. 325వ అధికరణం ప్రకారం అందరికీ ఒకే ఓటరు జాబితా. దాని బదులు దామాషా పద్ధతి పెట్టాలని 1949 జనవరిలో రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ సవరణ తెచ్చారు. అక్షరాస్యత తక్కువగా ఉన్న దేశంలో ఇది కష్టమని, సభలో చిన్న చిన్న గుంపులు పెరిగి ప్రభుత్వం నిలవదని డాక్టర్ అంబేద్కర్ వ్యతిరేకించారు. సవరణ వీగిపోయింది.

రుషికొండ ఓటు బరువు ఎంత?

న్యాయానికి ఇంకో కొలత ఉంది. ఒక ఓటు, ఒకే విలువ. రుషికొండ భీమిలి అసెంబ్లీ నియోజకవర్గంలోకి వస్తుంది. 2024లో ఇక్కడ గంటా శ్రీనివాసరావుకు 1,76,230, ముత్తంశెట్టి శ్రీనివాసరావుకు 83,829 ఓట్లు వచ్చాయి. మొదటి ఇద్దరికే కలిపి 2,60,059. పాతనగరం ఉన్న విశాఖ దక్షిణలో మొదటి ఇద్దరికి వచ్చినవి 97,868, 33,274. కలిపితే 1,31,142. రెండుచోట్లా గెలిచేది ఒక్కో ఎమ్మెల్యేనే. అంటే అసెంబ్లీలో చూస్తే దక్షిణలో వేసిన ఒక ఓటు బరువు, రుషికొండలో వేసిన రెండు ఓట్లకు దాదాపు సమానం.

కారణం పెద్ద రహస్యం ఏమీ కాదు. ఇప్పటి సరిహద్దులు 2008లో, 2001 జనాభా లెక్కల ఆధారంగా గీశారు. ఆ తర్వాత ఎండాడ, మధురవాడ, రుషికొండ వైపు ఐటీ కంపెనీలు, కాలేజీలు, అపార్టుమెంట్లు పెరిగాయి. పాతనగరం అలాగే ఉండిపోయింది. 2001లో చేసిన 84వ రాజ్యాంగ సవరణ ప్రకారం, 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వచ్చేదాకా సీట్ల సంఖ్యను కొత్త జనాభాకు తగ్గట్టు మార్చరు. పునర్విభజన జరిగినప్పుడల్లా ఈ బరువులు మారతాయి. అందుకే ముసాయిదా మ్యాపులు బయటపెట్టి అభ్యంతరాలు అడిగినప్పుడు ఆ మ్యాపు చూడటం, రాసి ఇవ్వడం ఓటు వేయడంతో సమానమైన పని.

రెండో ఇష్టం లెక్కించే ఎన్నిక మనకూ ఉంది

ప్రాధాన్యత ఓటు అంటే ఏదో విదేశీ సంగతి అనుకోవద్దు. గ్రాడ్యుయేట్, టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో మనం 1, 2, 3 అని అంకెలు వేసేది అదే. చెల్లిన ఓట్లలో సగానికి పైగా రావాలి, అదే కోటా. మొదటి ప్రాధాన్యతలో ఎవరికీ రాకపోతే అందరికంటే తక్కువ వచ్చినవారిని తీసేసి, వాళ్ల బ్యాలెట్లలో తర్వాతి అంకె ఎవరికి ఉందో చూసి మారుస్తారు. 2023 మార్చిలో ఉత్తరాంధ్ర గ్రాడ్యుయేట్ స్థానంలో వేపాడ చిరంజీవిరావు మొదటి ప్రాధాన్యతలో ముందున్నా కోటా అందలేదు. రెండో ప్రాధాన్యతలు కలిపాకే గెలిచారు.

అదే సమయంలో పశ్చిమ రాయలసీమ గ్రాడ్యుయేట్ స్థానంలో ఇంకా ఆసక్తికరమైన ఫలితం వచ్చింది. మొదటి ప్రాధాన్యతలో వైఎస్సార్‌సీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి సుమారు 1,800 ఓట్ల ముందంజలో ఉన్నారు. మామూలు పద్ధతి అయితే ఆయనే ఎమ్మెల్సీ. మిగతా అభ్యర్థుల ఓట్లు బదిలీ అయ్యేసరికి టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి 7,500కు పైగా తేడాతో గెలిచారు. పైన చెప్పిన వ్యాపారి, టీచర్ కథ నిజంగా జరిగినట్టే.

రాజ్యసభ ఎన్నికలూ ఇలాగే, కానీ ఒకేసారి ఎక్కువ సీట్లకు. అక్కడ కోటా వేరు. 175 మంది ఎమ్మెల్యేలు 3 సీట్లకు ఓటు వేస్తే, 175ని 4తో భాగించి పై అంకె తీసుకుంటాం. 44 మంది ఉంటే ఒక సీటు ఖాయం. ఎమ్మెల్యే కోటాలో 5 ఎమ్మెల్సీ సీట్లయితే 6తో భాగిస్తాం, 30 మంది కావాలి. ఇదే దామాషా. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. 39 శాతం ఓట్లు 11 మంది ఎమ్మెల్యేలుగా కుంచించుకుపోయాక, ఆ 11 మందితో ఒక్క ఎమ్మెల్సీ కూడా రాడు. పైన ఎంత న్యాయమైన పద్ధతి పెట్టినా కింద వచ్చిన తేడా అలాగే పైకి పోతుంది.

వక్ఫ్ బోర్డు విషయం కూడా తెలుసుకోవాలి. 1995 వక్ఫ్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ముస్లిం ఎంపీలు, ఎమ్మెల్యేలు, బార్ కౌన్సిల్ సభ్యులు, ముతవల్లీల నుంచి బోర్డుకు వెళ్లే సభ్యుల ఎన్నిక ఓటు బదిలీ పద్ధతిలోనే జరగాలి. 2025 సవరణ చట్టంలో ఈ ఎన్నిక తీసేసి, రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేసే విధానం పెట్టారు. ఎన్నికలో కోటా అందుకున్న చిన్న వర్గానికి సీటు హక్కుగా వస్తుంది. నామినేషన్‌లో ఇచ్చేవారి ఇష్టం మీద వస్తుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా లెక్కలో ఇదే.

మేయర్ సీటు, మూడింట రెండు వంతులు

కొన్ని నిర్ణయాలకు మామూలు మెజారిటీ చాలదు. 2021 మార్చిలో జీవీఎంసీ ఎన్నికల్లో 98 వార్డులకు వైఎస్సార్‌సీపీ 58, టీడీపీ 30, జనసేన 3, బీజేపీ, సీపీఐ, సీపీఎం ఒక్కొక్కటి, స్వతంత్రులు 4 గెలిచారు. గొలగాని హరి వెంకట కుమారి మేయర్ అయ్యారు. తర్వాత కార్పొరేటర్లు పార్టీలు మారారు. 2025 ఏప్రిల్ 19న అవిశ్వాస తీర్మానం పెట్టారు. అప్పటికి ఓటున్నవారు, ఎక్స్ అఫీషియో సభ్యులతో కలిపి, 111 మంది. మూడింట రెండు వంతులు అంటే 74. సరిగ్గా 74 ఓట్లే పడ్డాయి. ఒక్కరు రాకపోయినా మేయర్ కొనసాగేవారు.

ఎక్కువ మెజారిటీ అడగడం వల్ల పదవిలో ఉన్నవారికి రక్షణ దొరుకుతుంది, పదేపదే కుర్చీలాట ఆగుతుంది. కానీ దానికో ధర ఉంది. మూడో వంతు మంది చేతిలో వీటో పెట్టినట్టే. కమిటీ రూల్స్ రాసుకునేటప్పుడు సగమా, మూడింట రెండు వంతులా అన్నది ఏదో ఒక అంకె కాదు, ఎవరికి బలం ఇస్తున్నాం అన్న నిర్ణయం.

ఏ పద్ధతీ నూటికి నూరు కాదు

మరి అన్నిటికంటే మంచి పద్ధతి ఏది? ముగ్గురు స్నేహితులు ఆదివారం ఎక్కడికి పోదామని ఓటు వేశారు అనుకోండి. మొదటివారి వరుస: బీచ్, కైలాసగిరి, అరకు. రెండోవారిది: కైలాసగిరి, అరకు, బీచ్. మూడోవారిది: అరకు, బీచ్, కైలాసగిరి. బీచ్, కైలాసగిరి మధ్య ఇద్దరు బీచ్ అంటారు. కైలాసగిరి, అరకు మధ్య ఇద్దరు కైలాసగిరి అంటారు. అరకు, బీచ్ మధ్య ఇద్దరు అరకు అంటారు. గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాం. ఒక్కొక్కరి బుద్ధి సరిగ్గానే ఉంది, ముగ్గురూ కలిస్తేనే జవాబు లేదు. దీన్ని కాండర్సే వైరుధ్యం అంటారు.

ఇక్కడ ఓటింగ్ వరుస నిర్ణయించేవారి చేతిలో తాళం ఉంటుంది. ముందు బీచ్, కైలాసగిరి మధ్య ఓటు పెట్టి, గెలిచినదాన్ని అరకుతో పోటీకి పెడితే అరకు గెలుస్తుంది. ముందు కైలాసగిరి, అరకు మధ్య పెడితే చివరికి బీచ్ గెలుస్తుంది. మీటింగ్‌లో అజెండా ఎవరు రాస్తున్నారో చూడమని అనుభవం ఉన్నవాళ్లు చెప్పేది అందుకే.

1951లో కెన్నెత్ ఆరో ఇంకా పెద్ద మాట రుజువు చేశారు. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది అభ్యర్థులు ఉంటే మూడు చిన్న షరతులు కూడా ఒకేసారి నెరవేర్చే వరుస పద్ధతి లేదు. అందరూ ఒకరిని మేలన్నప్పుడు ఫలితమూ అలాగే ఉండాలి, ఇద్దరి మధ్య ఫలితం మూడోవాడి వల్ల మారకూడదు, ఒకే మనిషి ఇష్టం అందరి మీదా రుద్దకూడదు. ఇవే ఆ షరతులు. ఆయనకు 1972లో నోబెల్ వచ్చింది. వ్యూహం పన్ని తప్పుడు వరుస రాస్తే లాభపడే అవకాశం ఏ పద్ధతిలోనైనా ఉంటుందని గిబ్బర్డ్ 1973లో, సాటర్త్‌వైట్ 1975లో చూపించారు. మన దేశం నుంచి ఈ రంగంలో పనిచేసిన అమర్త్య సేన్‌కు 1998లో నోబెల్ దక్కింది.

ఏదీ పరిపూర్ణం కాదంటే అన్నీ ఒకటే అని కాదు. ఏ లోపం మనం భరించగలమో ఎంచుకోవాలి. ఆస్ట్రేలియా 1918లో ప్రాధాన్యత ఓటుకు మారింది. న్యూజిలాండ్ ప్రజలు 1993లో రెఫరెండం పెట్టుకుని, 1996 నుంచి స్థానిక సీట్లు, దామాషా సీట్లు కలిపిన పద్ధతి వాడుతున్నారు. అక్కడున్న మన తెలుగు కుటుంబాలకు రెండు ఓట్లు వేయడం అలవాటే. శ్రీలంకలో 2024 అధ్యక్ష ఎన్నికలో ఎవరికీ సగం రాకపోవడంతో మొదటిసారి రెండో ప్రాధాన్యతలు లెక్కించారు. మన లా కమిషన్ కూడా 1999లో 170వ నివేదికలో లోక్‌సభ సీట్లను 25 శాతం పెంచి, ఆ అదనపు సీట్లను దామాషాలో నింపాలని సిఫార్సు చేసింది. అది అమలు కాలేదు.

ఇప్పటి పద్ధతికీ మంచి గుణాలు ఉన్నాయి. అర్థం చేసుకోవడం తేలిక, కౌంటింగ్ త్వరగా అయిపోతుంది, పని కాకపోతే ఏ ఎమ్మెల్యే గుమ్మం ముందు నిలబడాలో అందరికీ తెలుసు. పూర్తి దామాషాలో ఆ చిరునామా పోవచ్చు, సంకీర్ణాల బేరాలు పెరగొచ్చు.

మన కమిటీల్లో ఏం చేయొచ్చు?

అసెంబ్లీ పద్ధతి మార్చడం మన చేతిలో లేదు. మసీదు కమిటీ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్, పూర్వ విద్యార్థుల సంఘం, ఎడ్యుకేషన్ సొసైటీ మన చేతిలోనే ఉన్నాయి. గొడవలు ఎక్కువగా వచ్చేదీ అక్కడే.

- ఒక పదవికి ఇద్దరే పోటీ అయితే సాధారణ మెజారిటీ చాలు.
- ఒక పదవికి ముగ్గురు లేదా ఎక్కువ మంది ఉంటే 1, 2, 3 రాయించండి. సగం దాటేదాకా తక్కువ వచ్చినవారిని తీసేస్తూ బదిలీ చేయండి. ఒక తెల్లకాగితం, ఇద్దరు లెక్కించేవాళ్లు ఉంటే గంటలో అయిపోతుంది.
- 7 పదవులు ఉన్నప్పుడు ఒక్కొక్కరికి 7 ఓట్లు ఇవ్వకండి. 200 మంది సభ్యుల్లో 101 మంది ఒకే జాబితాకు వేస్తే 7 సీట్లూ వాళ్లవే. 99 మందికి సున్నా. కమిటీలు రెండుగా చీలడం ఇక్కడే మొదలవుతుంది.
- దాని బదులు ఓటు బదిలీ పద్ధతి పెడితే, 200ను 8తో భాగించి ఒకటి కలిపితే 26. ఏ వర్గంలోనైనా 26 మంది ఉంటే ఒక సీటు ఖాయం. 52 మంది యువకులో మహిళలో ఒక్కటై నిలబడితే రెండు సీట్లు. ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు.
- ఓట్లు సమానమైతే ఏం చేయాలో ముందే రాసుకోండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లోనే ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.
- లెక్కించే పద్ధతిని నామినేషన్లకు ముందే నోటీసు బోర్డు మీద పెట్టండి. అభ్యర్థులు తెలిశాక పద్ధతి ఎంచుకుంటే అది పద్ధతి కాదు, ఫలితాన్ని ఎంచుకోవడం.

మన పెద్దలు మష్వరా అంటే అందరి మాటా వినడం అన్నారు. మొదటి ఇష్టం ఒక్కటే అడిగితే సగం మాటే విన్నట్టు. ఓడినవాళ్లు కూడా "లెక్క సరిగ్గానే జరిగింది, మా మాట కూడా అందులో ఉంది" అని ఇంటికి వెళ్లగలిగితే, ఆ ఎన్నికలో ఇన్సాఫ్ జరిగినట్టే.